సగటు మనిషిది ఏ కులం?

జనాభా భూగోళశాస్త్రం పాఠ్యపుస్తకం ఏది తెరిచినా మనకొక మనిషి ఎదురవుతాడు. అతనికి వయసుంటుంది, లింగముంటుంది, ఊరో పట్నమో ఉంటుంది, చదువుంటుంది. కులం మాత్రం ఉండదు. జనసాంద్రత, లింగ నిష్పత్తి, సంతానోత్పత్తి రేటు, ఆయుర్దాయం, వలస అంటూ నెట్ పరీక్ష కోసం మనం బట్టీ పట్టే భావనలన్నీ ఈ మనిషి మీదే నిలబడ్డాయి. ఈ దేశంలో అలాంటి మనిషి ఇంతవరకు పుట్టలేదు. పుట్టనివాడికి సగటు కట్టి దాన్ని శాస్త్రం అంటున్నాం.

కులం సామాజికశాస్త్రం వాళ్ల సంగతి, మనది అంకెల సంగతి అని సెమినార్లలో పెద్దలు అంటుంటారు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో బాబాసాహెబ్ చదివిన 'భారతదేశంలో కులాలు' పత్రాన్ని వీళ్లలో ఎంతమంది చూశారో నాకు అనుమానమే. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. ఇవాళ పీహెచ్‌డీ చేస్తున్న మాలో చాలామంది కంటే చిన్నవాడు. ఆ పత్రాన్ని లైబ్రరీలో మానవశాస్త్రం బీరువాలో పెట్టారు. నా లెక్కలో అది జనాభాశాస్త్రం.

ఎందుకంటే ఆయన అందులో వేసిన ప్రశ్న పూర్తిగా లెక్కల ప్రశ్న. ఒక గుంపు తన చుట్టూ తలుపులు మూసుకుని, లోపలివాళ్లనే పెళ్లాడాలని నిర్ణయించుకుంటే ఏమవుతుంది? పెళ్లీడు ఆడవాళ్ల సంఖ్య, మగవాళ్ల సంఖ్య ఎప్పుడూ సరిపోవాలి. భర్త చనిపోతే ఒక స్త్రీ 'మిగులు' అవుతుంది, భార్య చనిపోతే ఒక పురుషుడు మిగులుతాడు. మిగిలిన స్త్రీ బయటివాణ్ని చేసుకుంటే గోడ కూలుతుంది, లోపలివాణ్ని చేసుకుంటే ఒక కన్యకు వరుడు తగ్గిపోతాడు. అందుకే సతి, లేదంటే బలవంతపు వైధవ్యం. పురుషుణ్ని కాల్చలేరు, సన్యాసిని చేసినా గుంపుకు నష్టమే. కాబట్టి పెళ్లీడు రాని పిల్లను తెచ్చి కట్టబెడతారు. అదీ బాల్యవివాహం. లింగ నిష్పత్తి, వివాహ వయసు, వైధవ్యం అని మనం మూడు వేరువేరు పాఠాలుగా చదువుకునేవాటిని ఆయన ఒకే యంత్రంలోని మూడు చక్రాలుగా చూపించాడు. మన పుస్తకాలేమో వివాహ వయసును అక్షరాస్యతతోనూ పట్టణీకరణతోనూ వివరించి ఊరుకుంటాయి.

ఆ యంత్రం ఆగిపోలేదు. ఐహెచ్‌డీఎస్ సర్వేల్లో కులాంతర వివాహాలు వందకు ఐదు దగ్గరే తేలాయి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు ఒక దళిత యువకుణ్ని గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. మరణాల పట్టికలో అది ఒక యువకుడి హత్య, అంతే. కులం గోడను కాపాడటానికి జరిగిన మరణం అని రాసుకునే గడి ఏ పట్టికలోనూ లేదు.

వలస పాఠమూ ఇంతే. రావెన్‌స్టీన్ 1885లో సూత్రాలు చెప్పాడు, ఎవరెట్ లీ 1966లో వికర్షణ, ఆకర్షణ కారకాలు చెప్పాడు. బాగుంది. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగింది. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి, తిరిగి ఆ ఊరికి పోమని విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. పాఠ్యపుస్తకం భాషలో ఇది జిల్లా లోపలి వలస, గ్రామం నుంచి పట్టణానికి, తక్కువ దూరం. ఎక్కువమంది దగ్గరికే వలసపోతారన్న రావెన్‌స్టీన్ సూత్రానికి చక్కని ఉదాహరణ! 2011 జనగణనలో వలసకు కారణాలు అడిగారు: పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక తరలింపు, కుటుంబంతో తరలింపు, ఇతరం. ఈ జాబితా ప్రకారం కారంచేడు 'ఇతరం'. 1991 ఆగస్టు 6 తర్వాత తెనాలి చేరిన చుండూరు దళితులూ 'ఇతరం'.

ఇక చావు లెక్క. దళిత మహిళ అగ్రకుల మహిళ కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతుందన్న మాట మన సభల్లో బాగా వినిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి మహిళా సంస్థ 2018 నివేదికతో అది ప్రచారమైంది. నిజానికి అది చనిపోయినవాళ్ల సగటు వయసుల మధ్య తేడా, ఆయుర్దాయంలో తేడా కాదు. చిన్న వయసువాళ్లు ఎక్కువగా ఉన్న సమూహంలో చనిపోయేవాళ్ల సగటు వయసు ఎలాగూ తక్కువే ఉంటుంది. మనవాళ్లు ఈ తేడా తెలుసుకుని మాట్లాడాలి, లేకపోతే అవతలివాళ్లు అంకె తప్పని చెప్పి అన్యాయమే లేదంటారు. గట్టి లెక్క మన చేతిలోనే ఉంది. సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశీష్ గుప్తా తొమ్మిది రాష్ట్రాల సర్వే వివరాలతో 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అగ్రకుల హిందువుల కంటే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. పేదరికం వల్లే కదా అంటారా? ఆర్థిక స్థితి ఈ తేడాలో సగం కూడా వివరించలేదని అదే అధ్యయనం తేల్చింది. మిగతా సగం పేరేమిటో మన సిలబస్ చెప్పదు. ఏటా వెలువడే ఎస్‌ఆర్‌ఎస్ జీవిత పట్టికలు రాష్ట్రాల వారీగా, స్త్రీ పురుషుల వారీగా, గ్రామం పట్టణం వారీగా వస్తాయి. కులం వారీగా రావు.

చావుల దగ్గర కనపడని కులం కాన్పుల దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఠక్కున కనపడుతుంది. 'వాళ్లు' ఎక్కువ కంటారట. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటు సంతానం ఎస్సీల్లో 2.08, ఎస్టీల్లో 2.09, ఇతరుల్లో 1.93. ఈ కాస్త తేడా మీద ఎంత పెద్ద విధానాలు కట్టారో చూడండి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో చట్టం చేసింది. హర్యానాలోని ఇలాంటి నిబంధనను సుప్రీంకోర్టు 2003లో సమర్థించింది. రిజర్వేషన్ వల్ల పంచాయతీ గడప మొదటిసారి తొక్కబోతున్న తరానికే ఈ తలుపు అడ్డం పెట్టారు. ఇప్పుడు జనాభా ముసలిదవుతోంది, ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రే చెబుతున్నారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తేసింది. ముప్పై ఏళ్లు పోటీకి దూరమైనవాళ్లకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. వద్దన్నప్పుడూ కావాలన్నప్పుడూ ఆ స్త్రీని అడిగినవాళ్లు లేరు. 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో అంబేడ్కర్ పార్టీ సభ్యుడు పి.జె. రోహం సంతాన నియంత్రణ తీర్మానం పెడితే సభ ఓడించింది. అందులో ఉన్నది తల్లి ఆరోగ్యం, పేదింటి కష్టం. టార్గెట్లు కావు.

2027 జనగణనలో 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాలనూ లెక్కిస్తామంటున్నారు. సంతోషించే ముందు 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన గుర్తుంచుకోండి. దాని కులాల లెక్క ఇప్పటికీ బయటికి రాలేదు. ఈసారి వచ్చినా, ఏ కులం ఎంతమంది అన్న తలల లెక్కతో సరిపెడితే అది పార్టీలకు టికెట్ల పంపకానికి పనికొస్తుంది, మనకు కాదు. కులాన్ని వయసుతో, పెళ్లయిన వయసుతో, పిల్లల సంఖ్యతో, వలసతో కలిపి పట్టికలు వేయాలి. ఎస్‌ఆర్‌ఎస్ మరణాలను కులం వారీగా ప్రచురించాలి. 'ఇతరం' అన్న గడిని విప్పాలి. జనాభా అధ్యయనాల విభాగాలు ఈ మాట పట్టికల ఖరారుకు ముందే లిఖితంగా అడగాలి, తర్వాత వ్యాసాలు రాసుకోవచ్చు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు సంగతీ తేల్చాలి. అందులో సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. కోస్తాలో ఆదివారం చర్చికి వెళ్లే మాల, మాదిగ ఇళ్లలో మతం గడిలో 'క్రైస్తవం' అని రాయిస్తే ఎస్సీ లెక్కలోంచి ఆ ఇల్లు మొత్తం మాయమైపోతుంది. ఆ ఇల్లు మాత్రం ఊరి చివర దళితవాడలోనే ఉంటుంది.