సుగ్గికి పోయిన రోగికి డాక్టరెవరు?

పత్తి తీతలు ముగిసీ ముగియకముందే కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు, కదులుతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు కొందరు, తెలంగాణకు కొందరు, బెంగళూరులో కట్టడాల పనికి కొందరు. బియ్యం మూటలు, వంటసామాను, చంటిపిల్లలతో సహా బండ్లెక్కుతారు. ఇళ్లలో ముసలివాళ్లు మిగులుతారు, లేదా తలుపుకు తాళం మిగులుతుంది. ఏటా పత్రికల్లో ఈ ఫొటోలు వస్తూనే ఉన్నాయి. బడి మానేసే పిల్లల గురించి, సీజనల్ హాస్టళ్ల గురించి కాస్తో కూస్తో చర్చా జరుగుతుంది. వాళ్ల ఆరోగ్యం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

క్షయనే తీసుకుందాం. మందులకు లొంగే మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. డిసెంబరులో మందు మొదలుపెట్టిన మనిషి జనవరిలో కోతకు పోతాడు. రెండు నెలలు గోలీలు వేసుకునేసరికి దగ్గు తగ్గుతుంది, ఒళ్లు తేలికపడుతుంది. ఈలోగా తెచ్చుకున్న గోలీలూ అయిపోతాయి. మిరప తోటలో కోసిన కాయను బట్టి కూలి. ఒక పూట పని మానుకుని, దారి తెలియని ఊళ్లో ఆసుపత్రి వెతుక్కుంటూ పోతే ఆ పూట కూలి పోయినట్టే. నిక్షయ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో క్షయ రోగి పేరును ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి బదిలీ చేసే వీలుంది. చేయాలంటే అతను ఏ మేస్త్రీ వెంట, ఏ ఊరి తోటకు పోయాడో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. అయిదో నెలలో పోయి తొమ్మిదో నెలలో తిరిగొచ్చే గర్భిణి రక్తహీనతదీ, తొమ్మిదో నెల టీకా దాటిపోయిన బిడ్డదీ ఇదే కథ.

ఇందులో మండలంలోని డాక్టరును తప్పుపట్టడానికి ఏమీ లేదు. పొద్దున ఓపీ, మధ్యాహ్నం రిపోర్టులు, మధ్యలో పాముకాటు కేసు, సాయంత్రం వీడియో కాన్ఫరెన్సు. ఎంబీబీఎస్ ఆయనకు ఎదురుగా కూర్చున్న రోగిని చూడటం నేర్పింది. కుర్చీ దాకా రాని రోగులు ఎంతమంది, ఎందుకు రాలేదు, ఎక్కడున్నారు అన్నది వేరే చదువు. దాన్నే ప్రజారోగ్యం అంటున్నాం. అమెరికాలో అనేక వైద్య కళాశాలలు వైద్య పట్టాతో పాటే ప్రజారోగ్యంలో మాస్టర్స్‌ను కలిపి ఇస్తున్నాయి. మన దగ్గర ఈ జోడు చదువు గురించి ఎవరైనా ఎత్తితే, విదేశీ మోజు అన్నట్టు చూస్తారు.

నిజానికి ఈ జోడు చదువు మన గడ్డ మీద ఎప్పుడో పని చేసి చూపించింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమి ఆనవాలు పట్టాడని బడిపిల్లలందరికీ తెలుసు. ఆ సైనిక వైద్యుడు అంతకు దాదాపు పదేళ్ల ముందే, 1888-89లో సెలవు పెట్టి ఇంగ్లండు వెళ్లి, ప్రజారోగ్యంలో డిప్లొమా తీసుకుని, సూక్ష్మజీవశాస్త్రం నేర్చుకుని వచ్చాడు. మన పాఠ్యపుస్తకాల్లో దోమకు చోటు దొరికింది, డిప్లొమాకు దొరకలేదు.

స్వాతంత్ర్యం తర్వాత మనకు ఇంకా దగ్గరి ఉదాహరణలు మహారాష్ట్రలో ఉన్నాయి. రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు వెల్లూరులో వైద్యం, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి 1970లో జామ్‌ఖేడ్‌కు వచ్చారు. అదీ మన పడమటి కర్నూలు లాంటి కరువు నేలే. అదే విశ్వవిద్యాలయంలో 1984లో ప్రజారోగ్యం చదువు ముగించిన అభయ్, రాణీ బంగ్ దంపతులు గడ్చిరోలికి వెళ్లారు. అక్కడ వాళ్లు ఊరూరా పిల్లల చావులు లెక్కపెట్టారు. పుట్టిన నెలలోపే పోతున్న బిడ్డలు ఎక్కువని, ఆ తల్లులు ఆసుపత్రి దాకా రాలేరని తేలాక, ఊళ్లోని ఆడవాళ్లకే బిడ్డను తూచడం, జ్వరం చూడటం, అవసరమైతే సూది వేయడం నేర్పించారు. మూడో ఏటికి, ఈ పని జరగని పక్క ఊళ్లతో పోలిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. 2011లో కేంద్రం ఆ పద్ధతిని దేశమంతటికీ తెచ్చింది. ఇవాళ కోసిగిలో ఆశా కార్యకర్త తూకం, థర్మామీటరు పట్టుకుని బాలింత ఇంటికి వెళుతున్నదంటే దాని మూలం గడ్చిరోలిలో ఉంది. ఆ డాక్టర్లిద్దరూ ఓపీకే అతుక్కుపోయి ఉంటే వాళ్లకు మంచి హస్తవాసి ఉందని పేరొచ్చేది. అంతకుమించి ఏమీ జరిగేది కాదు.

తెలుగువారిలో డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డిని చెప్పుకోవాలి. ఉస్మానియాలో వైద్యం, ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె జబ్బుల చదువు అయ్యాక కెనడాలోని మెక్‌మాస్టర్‌లో ఎపిడెమియాలజీ చదివారు. గుండెకు వైద్యం చేసే మనిషి పొగాకు మీద, ఆహార అలవాట్ల మీద పోరాటానికి మళ్లారు. 2006లో ఏర్పడిన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్‌కు తొలి అధ్యక్షులయ్యారు. హైదరాబాద్‌లో ప్రజారోగ్య విద్యాసంస్థ 2008లో మొదలైంది ఆ ఫౌండేషన్ ఆధ్వర్యంలోనే.

అంటే చదువు చెప్పేవాళ్లకు కొరత లేదు. చదివి వచ్చినవాడిని కూర్చోబెట్టే కుర్చీ లేదు. నా అసలు ఫిర్యాదు అదే.

ఈ కుర్చీ ఒకప్పుడు ఉండేది. 1953 దాకా కర్నూలు మద్రాసు రాష్ట్రంలో భాగం. దేశంలోనే మొదటిదైన మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939లో వచ్చింది. హెల్త్ ఆఫీసరు అనే మనిషికి అది అధికారాలిచ్చింది. తమిళనాడు ఆ వారసత్వాన్ని వదులుకోలేదు. అక్కడ ప్రజారోగ్యానికి విడిగా ఒక విభాగం, ఆ చదువున్న డాక్టర్లు, వాళ్లకంటూ పదోన్నతుల మెట్లు ఉన్నాయి. మనకూ అదే చట్టం ‘ఆంధ్ర ప్రాంతం’ అన్న తోకతో ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. ఆ చట్టాన్ని నడిపించేలా తర్ఫీదైన వైద్యుల వరుస మాత్రం అక్కడిలా మనకు నిలవలేదు. ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్ పెట్టుకోమని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలూ పంపింది.

కుర్చీ లేనప్పుడు డాక్టర్లు ఎటు చూస్తారో 2024లో చూశాం. పనిలో ఉన్న ప్రభుత్వ వైద్యులకిచ్చే ఇన్‌సర్వీస్ పీజీ కోటా తగ్గించారని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) వైద్యులు ఆందోళనకు దిగారు. పట్టుదల అంతా క్లినికల్ సీట్ల మీదే. వాళ్లను తప్పుపట్టలేం. జనరల్ మెడిసిన్ చదివితే ఉద్యోగంలో గౌరవం, బయట ప్రాక్టీసు. ప్రజారోగ్యం చదివితే ఏముంది? తిరిగొచ్చి అదే పీహెచ్‌సీలో, అదే ఓపీ. ఇక అమెరికా వెళ్లి ఈ పట్టా తీసుకునే మన ఎంబీబీఎస్ పిల్లల్లో చాలామందికి అది రెసిడెన్సీ సీటు దొరికేదాకా వీసా మీద నిలబడే మెట్టు. వాళ్లు చదివేది ప్రజారోగ్యమే, మనసంతా లైసెన్సు పరీక్ష మీద.

కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీలు ఉన్నారు కదా అనొచ్చు. ఉన్నారు, ఎక్కువగా వైద్య కళాశాలల్లో పాఠాలు చెబుతూ. మరి లెక్కలు కట్టడానికి డాక్టరే కావాలా, ఇప్పుడు ఈ కోర్సులో డాక్టర్లు కానివాళ్లూ చేరుతున్నారుగా అన్న ప్రశ్న ఇంతకన్నా గట్టిది. లెక్కకు అక్కర్లేదు, నిజమే. కానీ రెండు నెలల క్షయ మందును ఒకేసారి చేతికివ్వొచ్చా, ఈ గర్భిణిని ప్రయాణం మానమనాలా అన్నవి వైద్యుడు తేల్చాల్సినవి. పీహెచ్‌సీ వైద్యుడికి సమ ఉజ్జీగా నిలబడి మాట్లాడాలంటే అదే చదువు తనకూ ఉండాలి. మన ఆసుపత్రుల్లో హోదాల సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి అన్ని జిల్లాలకూ ఒకేసారి కేడర్ అనే పెద్ద మాట పక్కన పెట్టి, ఆదోని డివిజన్‌లో ఒక్క పోస్టుతో మొదలుపెట్టాలి. పనిలో ఉన్న వైద్యులు చేరగలిగే ఒక ప్రజారోగ్య మాస్టర్స్‌ను చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడుపుతోంది. పడమటి మండలాల్లో పనిచేసిన వైద్యుణ్నో వైద్యురాలినో జీతంతో అక్కడికి పంపాలి. తిరిగొచ్చాక స్పెషలిస్టుకిచ్చే జీతమే ఇచ్చి, ఓపీ బాధ్యత తప్పించి, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల జనం మొత్తాన్ని అప్పగించాలి. ఆదోనిలో వైద్య కళాశాలను ప్రభుత్వం నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలా అన్న రభస ఎలా తేలినా, విద్యార్థులు కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ఆ కుటుంబాలు కళాశాల గేటు పక్క కాలనీల్లోవి కాకుండా సుగ్గికి పోయే ఊళ్లలోవి కావాలి. తను చూసే కుటుంబం ఫిబ్రవరిలో ఇంటి దగ్గర లేకపోతే, ఎక్కడికి పోయిందని ఆ విద్యార్థే ఆరా తీస్తాడు.

ఆ డాక్టరు మొదటి ఏడాది చేయాల్సిన పని చాలా మామూలుది. దసరా దాటగానే ఊరూరా మేస్త్రీలతో కూర్చుని, ఎవరు ఏ తోటకు పోతున్నారో రాసుకోవాలి. మేస్త్రీకి ఆ జాబితా ఎలాగూ ఉంటుంది, అడ్వాన్సులు ఇచ్చింది అతనే కాబట్టి. అందులోంచి క్షయ మందుల మీద ఉన్నవాళ్లను, గర్భిణులను, టీకా పడాల్సిన పిల్లలను విడదీసి, వాళ్ల పేర్లు బండి కదిలేలోపే అవతలి జిల్లాకు చేర్చాలి. అయితే ఇటు ఎంత చేసినా అటు అందుకునే మనిషి లేకపోతే పని సగంలో ఆగుతుంది. అందుకే గుంటూరు, పల్నాడు జిల్లాల ఆరోగ్య అధికారులకు కూడా కోతల కాలంలో తోటల్లో గుడిసెలు వేసుకున్న కర్నూలు కూలీలు తమ జనమేనని లిఖితపూర్వకంగా బాధ్యత పెట్టాలి. ఆ ఉత్తర్వు జిల్లా స్థాయిలో వచ్చేది కాదు. అమరావతి నుంచే, అదీ కోతలు మొదలవకముందే రావాలి.