11 ఏళ్ల బాలికకు ఈ టీకా ఎందుకు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రస్తావన రాగానే మన ఇళ్లలో తల్లులు నొచ్చుకుంటారు. "బిడ్డను పద్ధతిగానే పెంచుతున్నాం కదా, ఈ వయసులో ఇదెందుకు?" అంటారు. ఆ మాటలోని హయాను మేము గౌరవిస్తాము. కాని వ్యాధి నడక వేరు.

ఈ క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీనిని నిరూపించిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ లభించింది. ఇది ప్రధానంగా లైంగిక సంపర్కం ద్వారా సంక్రమిస్తుంది. పరపురుషుని ఎరుగని ఇల్లాలికి సైతం భర్త నుండి సోకవచ్చు. అతనిలో ఏ లక్షణమూ కానరాకపోవచ్చు. (పెండ్లికుమారుని శీలాన్ని గురించి మన పెద్దలు ఇంత నిశితంగా విచారించరు, అది వేరే సంగతి.) చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే తొలగిపోతుంది. కొందరిలో తిష్ఠ వేసి, 15–20 ఏళ్లకు క్యాన్సర్‌గా పరిణమిస్తుంది.

ఒంట్లో చేరిన వైరస్‌ను టీకా తొలగించలేదు, చేరకముందు అడ్డుకోగలదు. అందువల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 9–14 ఏళ్ల బాలికలకు దీనిని సిఫారసు చేసింది. ఇందులో సజీవ వైరస్ ఉండదు. దాని పైపొరను పోలిన ప్రోటీను మాత్రమే ఉంటుంది. మలేసియా 2010 నుండే పాఠశాల బాలికలకు వేయిస్తోంది. మన దేశంలో తయారైన సెర్వావ్యాక్ నాలుగు రకాల వైరస్‌ను ఎదుర్కొంటుంది. వాటిలో 16, 18 రకాలే సుమారు 70 శాతం ముఖద్వార క్యాన్సర్లకు కారణం.

తక్కిన రకాలు మిగిలే ఉన్నాయి గనుక, టీకా వేయించుకున్నవారు కూడా 30 ఏళ్లు దాటాక పరీక్ష మానరాదు. తల్లులారా, బిడ్డకు టీకా వేయించిన రోజునే మీ పరీక్ష సంగతి కూడా వైద్యురాలిని అడగండి.