ఖాళీగా ఉందని ఎవరు చెప్పారు?

'పోరంబోకు' అనే మాట మీ ఊళ్లో దేనికి వాడతారు? మా గోరంట్లలో రెండింటికి వాడతారు. పట్టా లేని నేలకి, పనీపాటా లేని మనిషికి. ఎరుకల ఇంట్లో పుట్టినోణ్ని కాబట్టి రెండో అర్థంలో ఆ మాట బడికి పోకముందే విన్నాను. మొదటి అర్థం డిగ్రీ అయినాక అడంగల్ తీసి చూసినప్పుడు తెలిసింది. మా అవ్వ ఏళ్ల తరబడి ఈతాకు కోసుకొచ్చే వంక గట్టు రికార్డులో పోరంబోకు. అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరూ లేదు. ఆ ఆకుతో అల్లిన చాపల మీద నిద్రపోయినోళ్లు ఊళ్లో ఎందరో ఉన్నారు. అయినా కాగితం లెక్కన ఆ గట్టును ఎవరూ వాడలేదు.

ప్రభుత్వాలు 'నిరుపయోగంగా పడి ఉన్న భూమి' అని మొదలుపెట్టేది ఈ ఖాళీ కాలమ్ నుంచే. హైదరాబాదులో గచ్చిబౌలి స్టేడియం పక్క నేల కథ చూడండి.

2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకు అక్కడ స్టేడియం సిద్ధం చేశారు. ఆ దగ్గర్లోనే కంచ గచ్చిబౌలి, సర్వే నంబరు 25. తెలంగాణలో కంచ అంటే గొడ్లు మేసే బీడు. అంటే ఆ నేల చేసే పని దాని పేరులోనే ఉంది. క్రీడా అకాడమీలు కడతామని వచ్చిన ఐఎంజీ భారత అనే కంపెనీతో 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. మొత్తం 850 ఎకరాలు, అందులో 400 ఈ కంచలోవి. ప్రభుత్వం మారాక 2006లో ఒప్పందం రద్దయింది. ఆ భూమిని వెనక్కి తీసుకోవడానికి 2007లో శాసనసభ ఏకంగా ఒక చట్టమే చేసింది. ప్రభుత్వ ఆస్తి సంరక్షణ అనే మాట ఆ చట్టం పేరులోనే ఉంది. కోర్టుల్లో ఏళ్లకేళ్లు నడిచి, 2024 మార్చిలో హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు కంపెనీ వాదన కొట్టేశాయి. ప్రజల భూమి ప్రజలకే దక్కిందని సంబరపడాల్సిన రోజది.

తర్వాత ఏమైంది? అదే 400 ఎకరాలకు మాస్టర్ ప్లాన్ వేసి, ఐటీ పార్కుల కోసం వేలం వేయాలని తెలంగాణ ప్రభుత్వం పూనుకుంది. 2025 మార్చి 30, ఉగాది రోజు, సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే జేసీబీలు దిగాయి. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే లోపు సుమారు 100 ఎకరాల చెట్లు నేలకూలాయి. జింకలు, నెమళ్లు తిరిగే చోటుకి 'ఖాళీ' అని పేరు.

సంరక్షణ పేరుతో చేసిన చట్టం ఆ భూమిని కంపెనీ చేతిలోంచి ప్రభుత్వం చేతికి మార్చింది, అంతే. ప్రభుత్వం చేతిలోంచి ఎక్కడికి పోకూడదో ఎవరూ రాయలేదు. నా గొడవంతా దాని మీదే.

"ప్రభుత్వ భూమేగా, ప్రభుత్వం ఏమైనా చేసుకుంటుంది" అనేవాళ్లకి మా మండలం చూపిస్తాను, రండి. 2008–09లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని చెప్పి చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు ఒక కంపెనీకి కట్టబెట్టారు. పేదలకు పంచిన డీ పట్టా భూములు కూడా అందులో పోయాయి. ఉద్యోగాలన్నారు, పరిశ్రమలన్నారు. హబ్ రాలేదు. భూమి మాత్రం బ్యాంకుల్లో తాకట్టుకు పోయింది, సీబీఐ కేసు నడిచింది. మేకలు మేసినప్పుడు 'నిరుపయోగం' అన్నారే, మరి కంప మొలిచి తాకట్టులో పడున్న భూమిని ఏమనాలి?

నాకు ఉద్యోగం వద్దా? కావాలి. డిగ్రీ కాగితం పట్టుకుని బెంగుళూరు బస్సెక్కేవాళ్లలో నేనూ ఒకణ్ని. మా పిల్లలు ఆడుకునేందుకు మంచి గ్రౌండ్ కూడా కావాలి. నేను అడిగేది ఒక్కటే, భూమి ఇచ్చే ముందు చట్టంలో ఏం రాస్తున్నారు?

రాయడం చేతకాక కాదు. అమెరికాలో వాషింగ్టన్ నగరంలో 1961లో తెరిచిన ఆర్‌ఎఫ్‌కే స్టేడియం మూతపడింది. చుట్టూ సుమారు 170 ఎకరాల ఫెడరల్ భూమి. దాన్ని నగరానికి అప్పగించే చట్టం మీద 2025 జనవరిలో అధ్యక్షుడు సంతకం పెట్టాడు. అమ్మకం కాదు, 99 ఏళ్లకు అప్పగింత. కనీసం 30 శాతం నేల పార్కులకు, బహిరంగ స్థలానికి ఉంచాలని చట్టంలోనే రాశారు. అదేం స్వర్గం కాదులెండి. ఆ స్టేడియం పక్కన పారే అనకోస్టియా నదికి ఆ పేరు నకాచ్‌టాంక్ అనే ఆదివాసులనుంచే వచ్చింది. వాళ్ల పేరు నదికి మిగిలింది, నేల మిగల్లేదు. అయినా 30 శాతం అనే ఆ ఒక్క అంకె పట్టుకుని రేపు అక్కడి మనిషి కోర్టుకు పోగలడు. కంచ గచ్చిబౌలి పిల్లల చేతిలో అట్లాంటి అంకె ఒక్కటైనా ఉందా?

మనకు ఇంకో చిక్కుంది. 1/70 చట్టం, 1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాలకే. అనంతపురం మైదానంలో బతికే ఎరుకల, సుగాలి, యానాది జనానికి ఆ గొడుగు లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా వర్తిస్తుంది. మీ తాండా గొర్రెలు మేసేది ఫారెస్టు భూమి అయితే మేత హక్కును సామూహికంగా అడగొచ్చు. రెవెన్యూ పోరంబోకుకు అది పనికిరాదు. అక్కడ 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల మీద ఇచ్చిన తీర్పు చదవండి. చిన్న తీర్పే, ఒక పూటలో అయిపోతుంది.

అందుకే ఈ నెల పనొకటి చెప్తున్నా. మీ ఊరి పోరంబోకు, బంజరు సర్వే నంబర్లు సమాచార హక్కు కింద తహసీల్దారును అడగండి. ఒక్కో నంబరు ఎదురుగా అక్కడ ఎవరు మేపుతున్నారో, ఎవరు ఈతాకు, పొరక పుల్లలు, కట్టెలు తెచ్చుకుంటున్నారో పేర్లతో రాయండి. పెద్దోళ్లను కూర్చోబెట్టి అడిగితేనే తెలుస్తుంది, ఫోన్‌లో వెతికితే దొరకదు. ఆ జాబితాను గ్రామసభలో చదివించి తీర్మానంలో ఎక్కించమనండి. సర్పంచి ఒప్పుకోకపోతే అర్జీగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

మా వంక గట్టు జాబితా మొదలుపెట్టాను. మొదటి పేరు మా అవ్వది. వేలిముద్ర వేస్తూ, "ఇన్నేండ్లకు అడిగినారా నాయనా" అనింది.