సంక్రాంతి మూడు రోజులూ చట్టానికి సెలవా?

నాదెండ్ల మండల రైతులకు, కూలీలకు, గణపవరం మిల్లు కార్మికులకు, ఆడపడుచులకు విజ్ఞప్తి.

భోగి దగ్గర పడితే చాలు, బరులు లేస్తాయి. డేగ, కాకి, నెమలి అంటూ రంగు చూసి పందెం కాస్తారు. కాళ్లకు కత్తులు కట్టిన కోళ్లు నిమిషాల్లో సంగతి తేల్చేస్తాయి. అసలు డబ్బు చేతులు మారేది పైపందేల్లో, పక్కనే షామియానా కింద పరిచిన గుండాట, లోపల-బయట దగ్గర. పత్తి అమ్మిన సొమ్ము, ఇంకా కొయ్యని మిరపకాయ మీద తెచ్చిన అప్పు అక్కడే ఆరిపోతాయి.

చట్టం లేక కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని బిగించి ఆన్‌లైన్ రమ్మీని కూడా అందులోకి తెచ్చారు. 2016 డిసెంబరులో హైకోర్టు కోడిపందేలు జరగనివ్వొద్దంది, మండలానికో తనిఖీ బృందం వెయ్యమంది. అయినా జనవరి మొదట్లో హెచ్చరికల ఫ్లెక్సీలు, భోగి నాటికి ‘పైనుంచి మాట వచ్చింది’. ఆ మాట ఎవరిది, ఏ కాగితం మీద ఉంది అంటే జవాబుండదు. జూదం మీద మన ప్రభుత్వాల విధానం, ఏ పార్టీ వచ్చినా, ఈ కనుసైగే.

సంప్రదాయమండీ అంటారు. పల్నాటి వాళ్లకు కోడిపోరు కథ కొత్తగా చెప్పాలా? పందెం ఓడి బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచి ఏడేళ్లు వలస పోయింది. ఆ పగ కారెంపూడి దాకా వెళ్లింది. ఈ కథను పందేలకు సర్టిఫికెట్‌గా చూపేవాళ్లు సగమే విన్నట్టున్నారు.

సంప్రదాయాన్ని వ్యాపారం నుంచి ఎలా విడదీయాలో అమెరికా ఆదివాసీ తెగల సంగతి చూడండి. కాలిఫోర్నియాలో కబాజాన్ తెగ బింగో, పేకాట ఆడిస్తే అధికారులు అడ్డుపడ్డారు. 1987లో సుప్రీంకోర్టు తెగ పక్షాన తీర్పిచ్చింది. మరుసటి ఏడే చట్టం వచ్చింది. పండుగల్లో, వేడుకల్లో ఆడే తాతలనాటి ఆటలను తెగలకే వదిలేశారు. కాసినో పెట్టాలంటే మాత్రం రాష్ట్రంతో రాతపూర్వక ఒప్పందం కావాలి, లెక్కలకు ఆడిట్ ఉండాలి, లాభం తెగ పాలనకు, సంక్షేమానికి, అలా చట్టం చెప్పిన పనులకే పోవాలి. అక్కడా తగాదాలున్నాయి, బాగుపడని తెగలూ ఉన్నాయి. మాకు కాసినో అక్కర్లేదు. కానీ నిర్ణయం ఎవరిదో, డబ్బు ఎటు పోయిందో అక్కడ రాతలో ఉంటుంది. ఇక్కడ బరి సొమ్ముతో ఊరి బడికి సున్నం కూడా పడలేదు.

అక్టోబరు 2 గ్రామసభల్లో ఈ విషయం ఎజెండాలో పెట్టాలని అడుగుతున్నాం. తనిఖీ బృందంలో ఎవరెవరున్నారో ఫోన్ నంబర్లతో సహా సచివాలయం గోడకు అంటించాలి. పండుగ అయ్యాక ఎన్ని బరులు తీయించారు, కేసులు నిర్వాహకుల మీద పెట్టారా, చూడబోయిన కూలీల మీద పెట్టారా అన్నది జనవరి 26 గ్రామసభలో చదివి వినిపించాలి. లేదూ, పందేలు ఉండాల్సిందేనని ప్రభుత్వం అనుకుంటే ఆ మాట శాసనసభలో చెప్పి చట్టం తేవాలి. జల్లికట్టుకు తమిళనాడు 2017లో ఆ పనే చేసింది, 2023లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాంటి చట్టం వస్తే మేం వ్యతిరేకిస్తాం, అది వేరే సంగతి. కనీసం ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

డ్వాక్రా అక్కచెల్లెళ్లు ఈ అర్జీతో మీ వీధికి వస్తారు. సంతకం పెట్టండి. సెప్టెంబరులోనే సర్పంచులకు, ఎంపీడీవో గారికి, తహసీల్దారు గారికి అందజేస్తాం.

ఇట్లు,
నాదెండ్ల మండల గ్రామస్తులు