సీనా ఎందుకు చెడ్డోడయిండు?

హాస్టల్‌లో రెజ్లింగ్ మాట ఎత్తితే చాలు, "అదంతా ఉత్తుత్తిదే కదనే" అని ఎవరో ఒకరు అంటరు. అవును, ఉత్తుత్తిదే. మా చింతకి దిక్కు జాతర కుస్తీల్లో ఎవరు గెలుస్తరో ముందు తెల్వది. డబ్ల్యూడబ్ల్యూఈలో గెలుపు ముందే రాసుకుంటరు. మరి భాగోతంలో దుర్యోధనుడు చస్తడని తెలిసి కూడా తెల్లారేదాకా కూసుంటలేమా? కథ కుదిరిందా లేదా, అదీ అడగాల్సింది.

నా లెక్కలో జాన్ సీనా కథ కుదరలేదు. ఇరవై ఏండ్లకు పైగా మంచోడి వేషమే. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలికి వచ్చినప్పుడూ అంతే. (అదే రాత్రి రియా రిప్లీ, నటాల్యా టైటిల్ కోసం తలపడ్డరు; ఆ సంగతి ఎవరూ ఎత్తరు!) అట్లాంటి మనిషి, రిటైరయ్యే ఏడు, 2025 మార్చి 1న టొరంటోలో కోడీ రోడ్స్‌ను కొట్టి రాక్ పక్కన చేరిండు. గుండె ఆగినంత పనైంది. తీరా రెసిల్‌మేనియాకు రాక్ రానే లేదు. సీనా 17వ టైటిల్ గెలిచిండు, ఆగస్టులో మళ్లీ మంచోడయిండు.

"అభిమానులే తనను సతాయించిండ్రని చెప్పిండు కదా" అంటది నా రూమ్మేట్. చెప్పిండు. మరి ఆ కోపం ఆగస్టుకల్లా ఎటు పోయింది? కర్ణుడు దుర్యోధనుడి పక్కన ఎందుకు నిలబడ్డడో మనం పరీక్షలో పేజీ నిండా రాస్తం. సీనా గురించి రాయమంటే నాలుగు లైన్లు దాటవు.

కాదనేటోళ్లు పక్కనే కాగితం అంటించుండ్రి, జాగ ఉంది.