పాత గ్రామఫోనును కొత్తది చేయకండి

తళతళ మెరిసే ఇత్తడి బాకా, నున్నటి చెక్క పెట్టె, దాని మీద కుక్క బొమ్మ ఉన్న బిళ్ళ. ఇటువంటి గ్రామఫోనును మీరు ఏ హోటలు హాలులోనో, పాత వస్తువుల దుకాణంలోనో చూసే ఉంటారు. ఇది నూరేళ్ళ నాటిదని చెబుతారు. చాలాసార్లు అది నిజం కాదు. పెట్టె కొత్తది, బాకా కొత్తది, బిళ్ళ కొత్తది. పాతది లోపలి మోటారు ఒక్కటే. ఆ మోటారు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా బాధ.

1931లో హెచ్.ఎం.వి. సంస్థ 102 అనే నంబరుతో సూట్‌కేసు వంటి గ్రామఫోనును తెచ్చింది. దానికి పైకి కనిపించే బాకా ఉండదు. ధ్వని వెళ్ళే దారి పెట్టెలోనే ఇమిడి ఉంటుంది. ఇటువంటి పెట్టెలకు కీ ఇచ్చి నాటక పద్యాల రికార్డులు విన్న ఇళ్ళు మన వైపు ఎన్నో ఉండేవి. ఇప్పుడు వాటినే విప్పి, మోటారూ సౌండుబాక్సూ ఊడదీసి, కొత్త పెట్టెలో బిగించి, పైన బాకా తగిలించి అమ్ముతున్నారు. మన దేశంలో ఇలా తయారైనవి విదేశాలకు కూడా చేరాయి. చూపు లేని నల్ల పెట్టెకు ధర రాదు, మెరిసే బాకాకు వస్తుంది. అందుకని అసలైన యంత్రం నకిలీకి విడిభాగంగా మారిపోతున్నది.

“పాట వినిపిస్తున్నది కదా, నష్టమేమిటి?” అని మీరు అడగవచ్చు. వినిపించే తీరులోనే నష్టం ఉంది. రికార్డు గాడిలో సూది అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలిక సౌండుబాక్సులోని పలుచని పొరను కంపింపజేస్తుంది. పాతకాలపు సౌండుబాక్సులలో ఆ పొర అభ్రకం, మన గూడూరు ప్రాంతపు గనులలో దొరికే ఖనిజమే. తరువాత వచ్చిన 5ఎ, 5బి రకాలలో అది అల్యూమినియం రేకు. ఇంత చిన్న పొర గది నిండా ఉన్న గాలిని నేరుగా కదిలించలేదు. ఇరుకుగా మొదలై క్రమంగా వెడల్పయ్యే బాకా ఆ పని చేసిపెడుతుంది. అందుకే సౌండుబాక్సును పట్టుకుని ఉండే గొట్టాన్ని కూడా కొనవైపు సన్నగా, పోనుపోను లావుగా చేయడం 1903 నుంచి విక్టర్ యంత్రాలలో మొదలైంది. నకిలీలలో ఈ గొట్టం తరచు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకే లావు ఉంటుంది. బాకా కలిసేచోట వేలు పెడితే సందు తగులుతుంది. ఆ సందులోంచి గాలి తప్పించుకుంటే మంద్రస్వరాలు పోయి, మిగిలేది పీలగొంతు.

బిళ్ళ మీద కుక్కను నమ్మి కొనేవారికి ఒక సంగతి చెప్పాలి. ఫ్రాన్సిస్ బరౌడ్ అనే చిత్రకారుడు మొదట ఆ కుక్కను ఎడిసన్ పద్ధతి ఫోనోగ్రాఫు ముందు కూర్చోబెట్టాడు. గ్రామఫోన్ కంపెనీ వారు కోరగా 1899లో దాని మీదే రంగు పూసి, ఇత్తడి బాకా గల గ్రామఫోనును వేశాడు. కొన్ని కోణాల నుంచి చూస్తే రంగు కింద పాత యంత్రపు రూపురేఖలు ఇప్పటికీ తెలుస్తాయట! ఇత్తడి బాకా ఉంటేనే అసలైనదన్న భ్రమ ఈ బొమ్మ నుంచే వచ్చిందని నా అనుమానం. అసలు బాకాలలో రంగు వేసిన ఇనుప రేకువి ఎన్నో ఉన్నాయి.

అయితే పాత యంత్రంలో ఏ భాగమూ మార్చకూడదనే వారితో కూడా నేను ఏకీభవించను. సౌండుబాక్సులో పొరను పట్టి ఉంచే రబ్బరు కాలక్రమంలో రాయిలా గట్టిపడి, ధ్వని గరగరలాడుతుంది. దాన్ని మార్చక తప్పదు. ఊడిన ముక్కను పారేయకుండా చీటీ కట్టి దాచి, కొనేవారికి మార్చామని చెబితే అందులో మోసమేమీ లేదు. కొన్ని సౌండుబాక్సుల వెనుక భాగాన్ని జింకు మిశ్రమలోహంతో పోత పోశారు. అది ఉబ్బి పగులుతుంది. అలా పగిలినదాన్ని కూడా నేను దాచమనే అంటాను, లోహం ఎలా చెడుతుందో అది చూపిస్తుంది.

మీ తాతగారి ఇంటి అటక మీద ఇటువంటి పెట్టె కనిపిస్తే చింతపండుతో తోమకండి, వార్నీషు పూయకండి. స్ప్రింగు డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పవద్దు. లోపల చుట్టిన ఉక్కుపట్టీ ఎగిరిపడితే చేతులు తెగుతాయి. ఎల్.పి. రికార్డును దాని మీద పెట్టినా ఉక్కు సూది గాడిని చెక్కేస్తుంది. ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని సౌండుబాక్సు మీది అక్షరాలు, పెట్టె మీద కనిపించే నంబర్లు, గొట్టం రెండు చివరల కొలతలు రాసుకోండి. మూత లోపల ఒక్కోసారి అమ్మిన దుకాణం వారి చిన్న చీటీ అంటించి ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఆ పెట్టె ఏ ఊరి వీధిలో కొన్నదో దాని వల్లనే తెలుస్తుంది. మెరుగు పెట్టేవారు మొట్టమొదట గీకి పారేసేదీ దాన్నే.