వేలిముద్రకూ సాక్షి ఉండాలి

ముప్పై ఏళ్లు దస్తావేజు లేఖరిగా బతికాను. సంతకం రానివాళ్ల ఎడమ బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, ఎన్ని వేల ముద్రలు వేయించానో లెక్కలేదు. "సంతకాన్ని ఎవరైనా దిద్దగలరు, వేలిముద్రను దిద్దలేరు. మీకేం భయం లేదు" అని అందరికీ ధైర్యం చెప్పేవాణ్ణి.

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ పత్రాలను ఇంటర్నెట్ నుంచి దింపుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి, ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్ల మీద సిమ్‌లు తీశాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాంటి పత్రాల్లో ఆధార్ నంబర్లు రాసిన చేయి నాది కూడా.

ఆ తర్వాత మా వీధి పెద్దమ్మ వచ్చింది. పత్తి అమ్మిన డబ్బులో 10 వేలు ఎవరో ఆమె వేలిముద్రతో ఖాతాలోంచి తీసేశారు. "ముద్ర భద్రమని నువ్వే కదా నాయనా చెప్పావు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆధార్‌తో డబ్బు తీయడానికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. పిన్ అడగరు, ఓటీపీ అడగరు. పట్నం దాకా పోలేని ముసలివాళ్లకు ఊళ్లోనే డబ్బు అందుతోంది కాబట్టి ఈ ఏర్పాటును వద్దనను. కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముద్ర వేసిన మనిషిని పోల్చి చెప్పడానికి సాక్షులు ఉండేవారు. వేలిముద్ర తీసుకుని డబ్బిచ్చే మిషను ముందు సాక్షి ఎవరు? దస్తావేజులో తప్పు పడితే సవరణ దస్తావేజు రాసేవాణ్ణి. దొంగ చేతికి చిక్కిన వేలికి ఏ సవరణ రాయను?

ముద్ర మనిషెవరో చెప్పాలి. డబ్బు కదలాలంటే ఆ మనిషి ఒప్పుకున్నాడనడానికి నాలుగంకెల పిన్ అయినా తోడుండాలి. అందరికీ అందుబాటులో ఉన్న పాత దస్తావేజుల్లో ముద్రలు, ఆధార్ నంబర్లు కనబడకుండా కప్పేయాలి. వేలిముద్ర పనిచేయకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ ఆధార్‌లో ఉందని మా వీధిలో ఒక్కరికీ తెలియదు. తెలిసినవాళ్లు వేసుకునే తాళంగా కాక, అందరికీ ముందే వేసి ఉంచి, అవసరమైనప్పుడు తెరుచుకునే తాళంగా దాన్ని మార్చాలి. తెరవడం రానివాళ్లకు ఊళ్లోనే సాయం దొరకాలి.

ఇప్పుడు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లకు ఆ లాక్ వేయిస్తున్నాను. మొదట పెద్దమ్మకే వేయించాను. ఈసారి ఆమె నా మాటతో సరిపెట్టుకోలేదు. మనవణ్ణి పిలిచి, తాళం పడిందో లేదో చదివించుకుని గానీ లేవలేదు.